లారీ బ్యాటరీ, హెడ్‌లైటు బల్బు, రెండు మీటర్లు

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఉదయం తొమ్మిది దాటింది. మీరు ఒక మోటారు రీవైండింగ్ షెడ్డులో నిలబడి ఉన్నారు. పైన రేకులు అప్పుడే కాగుతున్నాయి. లోపల వార్నిష్ వాసన, పక్క షెడ్డులో లేతు మిషను రొద, బయట రోడ్డు మీద వెనక్కి వస్తున్న ట్రెయిలర్ హారను. కాళ్ల దగ్గర పాత రాగి తీగ కుప్పలుగా పడి ఉంది. తొక్కకండి, అది తూకానికి పోవాల్సిన సరుకు.

బల్ల మీదున్నది యాభై హార్స్‌పవర్ మోటారు స్టేటర్. రోటరు తీసి పక్కన పెట్టారు. స్టేటర్ లోపలి గుండ్రంలో నలభై ఎనిమిది స్లాట్లు, ప్రతి స్లాట్లో కొత్త రాగి తీగ. ఓవర్‌హాంగ్ చుట్టూ తెల్లని టేపుతో బిగించి కట్టిన కట్లు. ఆరు కొసలు బయటికి వేలాడుతున్నాయి, మూడు ఫేజులకీ మొదలూ చివరా. ఇంకా వార్నిష్ పట్టలేదు. వార్నిష్ పోసి ఓవెన్‌లో పెట్టారంటే తీగలన్నీ గట్టిపడి ఒకటైపోతాయి. ఆ తర్వాత తప్పు బయటపడితే వైండింగ్ మొత్తం కోసి పారేయడమే. అందుకే మేస్త్రి ఓవెన్ వైపు చూడటం లేదు. మీటర్లు తెమ్మంటున్నాడు.

కుర్రాడు ఐటీఐ పూర్తిచేసి వచ్చినవాడు. చేతిలో పసుపు రంగు మల్టీమీటరు ఉంది. ఒక ఫేజు రెండు కొసలకీ ప్రోబులు ఆనించాడు. తెర మీద 0.5 అని వచ్చింది. తీసి మళ్లీ పెట్టాడు, 0.4. గట్టిగా నొక్కాడు, మళ్లీ 0.5.

"పాయింట్ ఫైవ్ ఓమ్స్ మేస్త్రీ."

"ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి ఆనించు. ఏటొస్తందో సూడు."

ఆనించాడు. 0.2. అంటే మోటారుతో సంబంధం లేకుండానే, మీటరు సొంత తీగలకే 0.2 ఓమ్ ఉంది. పైగా ఆ మీటరు దశాంశం తర్వాత ఒక్క అంకె మాత్రమే చూపిస్తుంది. మనం కొలవబోయేది ఓమ్‌లో మూడో వంతు కూడా లేని నిరోధం. అందులో నూటికి రెండు మూడు వంతుల తేడా పట్టుకోవాలి. ఆ పని ఈ మీటరు వల్ల కాదు. అది చెడ్డ మీటరు కాదు, పని వేరు, అంతే. నేను చూసిన చాలా చోట్ల ఇక్కడే వదిలేసి "కంటిన్యుటీ ఉంది, చాల్లే" అంటారు. ఈ మేస్త్రి అలా అనడు.

మూలన లారీ బ్యాటరీ ఉంది, పన్నెండు వోల్టులది. కుర్రాడు దాన్ని ఈడ్చుకొచ్చాడు. మేస్త్రి అటక మీద నుంచి లారీ హెడ్‌లైటు బల్బు ఒకటి తీశాడు. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బుకి, బల్బు నుంచి అమ్మీటరుకి, అమ్మీటరు నుంచి వైండింగ్ ఒక కొసకి, రెండో కొస నుంచి బ్యాటరీ మైనస్‌కి తీగ కలిపాడు. బల్బు ఎందుకని మీకు అనిపించవచ్చు. అది లేకుండా 0.28 ఓమ్ వైండింగ్‌ని నేరుగా బ్యాటరీకి కలిపితే నలభై ఆంపియర్ల పైన లాగుతుంది. క్లిప్పులు కాలతాయి, బ్యాటరీ వోల్టేజీ దిగిపోతుంది, అంకె నిలవదు. బల్బు ఆ ప్రవాహాన్ని ఐదు ఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది.

ఇప్పుడు దగ్గరికి రండి, అసలు చూడాల్సింది ఇదే. కరెంటు మోసే మొసలి క్లిప్పులు కొస చివరన పట్టుకుని ఉన్నాయి. వోల్టుమీటరు ప్రోబులు మాత్రం మేస్త్రి ఆ క్లిప్పుల మీద పెట్టడం లేదు. ఒక అంగుళం లోపలికి, ఎనామిల్ గీకి మెరిపించిన రాగి మీద పెడుతున్నాడు. క్లిప్పు పట్టుకున్న చోట కొంత వోల్టేజీ పోతుంది, కలిపే తీగలో కొంత పోతుంది. వోల్టుమీటరు క్లిప్పు లోపలి వైపున ఉంటే ఆ నష్టాలేవీ దాని కంటపడవు. వోల్టుమీటరు తీసుకునే ప్రవాహం దాదాపు సున్నా కాబట్టి, దాని తీగలకి 0.2 ఓమ్ ఉన్నా ఇబ్బంది లేదు. ఆంపియర్లకి ఒక జత తీగలు, వోల్టులకి విడిగా ఇంకో జత. పెద్ద ప్రయోగశాలల్లో వాడే నాలుగు తీగల పద్ధతి కూడా ఇదే. ఇక్కడ మాత్రం ఓ లారీ బ్యాటరీతో, రేకు కింద నడుస్తోంది.

బల్బు వెలిగింది. అంకెలు కాస్త ఊగి నిలబడ్డాయి.

"ఎంత?"

"ఆంప్స్ ఫోర్ పాయింట్ ఎయిట్. వోల్ట్స్ ఒన్ పాయింట్ త్రీ సిక్స్."

"రెండూ ఒక్కసారే సదివావా? ముందొకటి, తర్వాతొకటి కాదు కదా?"

"ఒక్కసారే మేస్త్రీ."

ఈ ప్రశ్న చాదస్తం కాదు. బ్యాటరీ వాడుతున్న కొద్దీ దిగుతుంది. వోల్టులు ఇప్పుడు చూసి, ఆంపియర్లు అర నిమిషం తర్వాత చూస్తే, రెండు వేర్వేరు పరిస్థితులని ఒకదానితో ఒకటి భాగించినట్టవుతుంది. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుందన్న సూత్రానికి పేరిచ్చిన జార్జ్ ఓమ్ కూడా మొదట్లో ఈ బాధే పడ్డాడు. జర్మనీలోని కొలోన్‌లో స్కూలు మాస్టారుగా ఉంటూ 1825లో ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు, ఆనాటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. చివరికి బిస్మత్, రాగి అతికించి, ఒక కొసని మరిగే నీళ్లలో, ఇంకో కొసని మంచులో పెట్టి, ఆ ఉష్ణోగ్రతల తేడా నుంచి పుట్టే చిన్న, స్థిరమైన వోల్టేజీతో కొలిచాడు. అప్పుడు గానీ లెక్క కుదరలేదు. 1827లో దాన్ని పుస్తకంగా అచ్చేశాడు.

కుర్రాడు ఫోన్‌లో భాగించాడు. 1.36ని 4.8తో భాగిస్తే 0.283 ఓమ్. అదే రెండంకెల్ని గుణిస్తే 6.5 వాట్లు. ఈ క్షణాన ఆ వైండింగ్‌లో వేడిగా మారుతున్నది అంతే, వేలు పెట్టినా తెలియదు. ఒకే జత అంకెలు భాగిస్తే ఆ తీగ ఎంత అడ్డుపడుతుందో చెప్పాయి, గుణిస్తే ఎంత తింటుందో చెప్పాయి. మూడో కొలత అక్కర్లేదు.

పక్కనే వెలుగుతున్న హెడ్‌లైటు బల్బుని కూడా ఓసారి లెక్కగట్టండి. దాని కొసల మధ్య 11.2 వోల్టులున్నాయి. ప్రవాహం అదే, 4.8. నిరోధం 2.3 ఓమ్‌లు, పవర్ దాదాపు 54 వాట్లు. ఇప్పుడు ఆర్పి, చల్లారాక మల్టీమీటరుతో చూస్తే అందులో పదో వంతు కూడా కనిపించదు. చల్లని టంగ్‌స్టన్ వేరు, తెల్లగా కాలుతున్న టంగ్‌స్టన్ వేరు. బల్బు మీద అచ్చువేసిన వాట్ల నుంచి రాబట్టే నిరోధం అది వెలుగుతున్నప్పటిది. పదో తరగతి లెక్కల్లో నిరోధాన్ని మారని అంకెగా ఇవ్వడం వల్ల చాలామంది పిల్లలకి ఈ సంగతి పెద్దయ్యాక కూడా తెలియదు. బ్యాటరీ, బల్బు, రెండు మీటర్లు పెట్టి ఒక్క పీరియడ్‌లో చూపించొచ్చు. ప్రతి హైస్కూల్లోనూ చూపించాలని నా కోరిక.

"ముందు మీటరు ప్రోబులు తీయి. తర్వాతే బ్యాటరీ." మేస్త్రి గొంతు పెరిగింది. ఇనుము మీద చుట్టిన తీగలో ప్రవాహాన్ని ఒక్కసారిగా తెంచితే అది ఊరుకోదు, కొసల మధ్య పెద్ద వోల్టేజీ లేస్తుంది. వోల్టుమీటరు ఇంకా తగిలి ఉంటే దెబ్బ దానికే.

రెండో ఫేజు. మళ్లీ 4.8, మళ్లీ 1.36.

మూడో ఫేజు. ఆంపియర్లు 4.82. వోల్టులు 1.31.

కుర్రాడు ఆ అంకెని చదివి ఊరుకున్నాడు. ఫోన్‌లో కొట్టాక మళ్లీ కొట్టాడు. 0.272. మేస్త్రి ప్రోబులు తానే తీసుకుని, రాగిని మరోసారి గీకి ఆనించాడు. అదే. మిగతా రెండింటికీ దీనికీ నూటికి నాలుగు వంతుల తేడా. రెండు శాతం లోపయితే మేస్త్రి ఒప్పుకుంటాడు. నాలుగు ఒప్పుకోడు.

నిరోధం తగ్గిందంటే తీగ పొడవు తగ్గిందన్న మాట. మేస్త్రి లెక్క ఇలా నడిచింది: ఈ మోటారుకి ఒక్కో ఫేజుకి పదహారు కాయిళ్లు, కాయిల్‌కి ఆరు చుట్లు, మొత్తం తొంభై ఆరు. అందులో నాలుగు శాతమంటే నాలుగు చుట్లు. నాలుగు కాయిళ్లు కలిసి ఒక గ్రూపు. కాబట్టి ఎక్కడో ఒక గ్రూపంతా కాయిల్‌కి ఒక చుట్టు చొప్పున తక్కువ పడింది.

"నిన్న సాయంత్రం సుట్టిందెవరు?"

కుర్రాడు తల దించుకున్నాడు. ఆ గ్రూపులో ప్రతి కాయిల్‌కీ ముందు మిషను కౌంటరు సున్నాకి తిప్పలేదట, ఒకటి మీద ఉండగానే మొదలుపెట్టాడట. మేస్త్రి తిట్టలేదు. కట్లు విప్పమని, ఆ గ్రూపు కొసలు ఎక్కడున్నాయో చూపించాడు. వార్నిష్ పడ్డాక అయితే రెండు రోజుల పని, ఇన్ని కిలోల రాగి. ఇప్పుడు పూటలో అయిపోతుంది. నాలుగు చుట్లు తక్కువున్న ఫేజుతోనూ మోటారు తిరిగేది. కానీ మూడు ఫేజుల్లో ఆంపియర్లు సమానంగా ఉండేవి కావు, హమ్మింగ్ వచ్చేది, ఒక పక్కే ఎక్కువ కాలేది. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఇదే బల్ల మీదికి వచ్చేది.

కట్లు విప్పుతూ కుర్రాడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. పుస్తకం చదివినవాడికే వస్తుంది అలాంటిది.

"మేస్త్రీ, రెసిస్టెన్స్ 0.283 కదా. డెల్టాలో ఫేజుకి 415 వోల్ట్స్ ఇస్తాం. 415 బై 0.283 అంటే పద్నాలుగొందల అరవయ్యారు ఆంప్స్ రావాలి. మరి ప్లేటు మీద అరవయ్యైదే రాశారేటి?"

"అది తిరుగుతాది గనక."

జవాబు అంతే. దాన్ని కాస్త విప్పితే ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చేది ఒకే దిశలో నిలకడగా పారే డీసీ. దానికి అడ్డు రాగి ఒక్కటే. లైను నుంచి వచ్చే ఏసీ సెకనుకి యాభై ఆవృత్తులు చేస్తుంది. ఇనుములో పుట్టే అయస్కాంత క్షేత్రం ఆ మార్పుని ఎదిరిస్తూ, ఇచ్చిన 415 వోల్టుల్లో దాదాపు అంతటికీ ఎదురుగా నిలబడే వోల్టేజీని వైండింగ్‌లోనే పుట్టిస్తుంది. రాగి మీద నిజంగా మిగిలేది పదో పదకొండో వోల్టులే. అందుకే నడుస్తున్న మోటారు దగ్గర వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఒక అంకె వస్తుంది కానీ అది రాగి నిరోధం కాదు. వోల్టుల్ని ఆంపియర్లతో గుణించినా మోటారు తినే వాట్లు రావు. మూడు ఫేజుల లెక్కలో 1.732 పెట్టి, 415 పెట్టి, 65 పెట్టి, పవర్ ఫ్యాక్టర్ 0.86తో కూడా గుణిస్తే గానీ నలభై కిలోవాట్లు తేలవు. షాఫ్టు మీదికి వచ్చేది ముప్పై ఏడు. మిగతా మూడు పైచిలుకు కిలోవాట్లూ వేడి. అందులో స్టేటర్ రాగి వాటా మన 0.283 నుంచే తెలుస్తుంది: డెల్టాలో లైను 65ని 1.732తో భాగిస్తే ఫేజులో 37.5 ఆంపియర్లు, దాని వర్గం 1,406, దాన్ని 0.283తో గుణిస్తే 398 వాట్లు, మూడు ఫేజులకి దాదాపు 1,200. ఇందాక వేలికి తెలియని ఆరున్నర వాట్లు ఇప్పుడు ఫేజుకి నాలుగొందలు. ఆంపియర్లు ఎనిమిది రెట్లు పెరిగితే వేడి అరవై రెట్లు పెరిగింది. ప్రవాహం వర్గంతో వేడి పెరుగుతుందని ఇంగ్లండులో జేమ్స్ జూల్ 1841లో చెప్పాడు. మోటార్లు కాలిపోయే ఊళ్లో బతికేవాడికి అంతకన్నా దగ్గరి సూత్రం లేదు.

ఇంకో రోజు. రేవు పక్క ఒక యార్డులో అదే మోటారు కన్వేయర్‌కి బిగించి ఉంది. గాలిలో ఉప్పు, దానితో పాటు ఖనిజం దుమ్ము. చేత్తో రెయిలింగు పట్టుకుంటే అరచేయి ఎర్రబారుతుంది. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని కింద 1933లో తెరిచిన లోపలి రేవుకి దారి. బయటి రేవు 1976లో వచ్చింది, పెద్ద ఖనిజపు ఓడల కోసం. ఈ సముద్రపు గాలి లోహాన్ని వదలదు. పాత వైండింగ్ కాలిపోయింది కూడా దానివల్లే. షెడ్డులో విప్పినప్పుడు ఒక్క ఫేజు మాత్రమే నల్లగా మాడి, మిగతా రెండూ బాగానే ఉన్నాయి. డెల్టా మోటారులో అది సింగిల్ ఫేజింగ్ గుర్తు: మూడు తీగల్లో ఒకటి ఎక్కడో తెగింది, మిగతా రెంటి మీదే మోటారు లాగింది. తెగింది ఎక్కడో టెర్మినల్ బాక్సు మూత తీయగానే తెలిసింది. తీగ కొసని బోల్టుకి బిగించే లగ్గు ఒకటి నీలం తిరిగి, దాని స్లీవు కరిగి కారిపోయింది.

ఒక లగ్గులో ఎంత నిరోధం ఉంటుంది? చూడ్డానికి ఏమీ లేనంత. బాగా క్రింప్ చేసి బిగించిన కొత్త లగ్గు అటూ ఇటూ, నిండు లోడు మీద, మేస్త్రి మీటరు ఆరు మిల్లీవోల్టులు చూపిస్తోంది. (కరెంటు ఉన్న 415 వోల్టుల లైను మీద ఇది అనుభవజ్ఞులు సరైన మీటరు, గ్లవ్స్‌తో చేసే పని. మీరు దూరంగా ఉండే చూడండి.) ఆరు మిల్లీవోల్టులు, అరవై ఐదు ఆంపియర్లు: గుణిస్తే అర వాట్ కూడా లేదు. అదే తుప్పు పట్టి, బోల్టు వదులై, నిరోధం ఓమ్‌లో వెయ్యింట ఐదు వంతులకి చేరిందనుకోండి. మల్టీమీటరు దాన్ని సున్నా అనే చూపిస్తుంది. కానీ 65 ఆంపియర్ల దగ్గర అక్కడ 325 మిల్లీవోల్టులు పడతాయి, ఇరవై ఒక్క వాట్లు పుడతాయి. అంటే బొటనవేలంత జాయింటు లోపల ఒక సోల్డరింగ్ ఐరన్ పగలూ రాత్రీ ఆన్‌లో ఉన్నట్టు. వేడికి బోల్టు ఇంకా వదులవుతుంది, తుప్పు పెరుగుతుంది, నిరోధం పెరుగుతుంది, మళ్లీ వేడి పెరుగుతుంది. పైగా ప్రతి స్టార్టుకీ ఆరు రెట్ల ఆంపియర్లు, ముప్పై ఆరు రెట్ల వేడి: కొన్ని సెకన్ల పాటు ఏడొందల యాభై వాట్ల పైమాటే. విశాఖలో ఎలక్ట్రీషియన్ పానాలతో తిరుగుతూ ఏటా బోల్టులు మళ్లీ బిగిస్తుంటే అది తీరిక పని కాదు, ఈ అంకెల మీద చేస్తున్న పని.

నాలుగు గంటలు నడిచాక మోటారు ఆపారు. లైను వేరుచేసి, తాళం వేసి, ఫ్యాను ఆగీ ఆగగానే కుర్రాడు పరిగెత్తుకొచ్చి లింకులు విప్పి పాత పద్ధతిలోనే బ్యాటరీ, బల్బు కలిపాడు. ఆలస్యమైతే రాగి చల్లారిపోతుంది. 4.78 ఆంపియర్లు, 1.65 వోల్టులు. 0.345 ఓమ్. షెడ్డులో 32 డిగ్రీల దగ్గర 0.283 ఉన్నది ఇంతైంది. తీగ మారలేదు, చుట్లు మారలేదు. వేడెక్కింది, అంతే. రాగి నిరోధం ఉష్ణోగ్రతతో ఒక తిన్నని గీతలా పెరుగుతుంది. ఆ గీతని వెనక్కి పొడిగిస్తే మైనస్ 235 డిగ్రీల దగ్గర సున్నాని తాకుతుంది. కాబట్టి 235కి 32 కలిపితే 267, దాన్ని 0.345 బై 0.283 నిష్పత్తితో పెంచితే 325, అందులోంచి 235 తీసేస్తే తొంభై డిగ్రీలు. థర్మామీటరు పట్టని చోట, స్లాట్ల లోపల రాగి ఎంత వేడిగా ఉందో వోల్టుమీటరూ అమ్మీటరూ కలిసి చెప్పాయి. ఎఫ్ క్లాసు ఇన్సులేషన్ 155 వరకూ తట్టుకుంటుంది. మోటారు క్షేమం. నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చూసినా ఆనందమే.

ఇదే కొలత నేల కింద కూడా పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి స్తంభాల్నీ తీగల్నీ నేలకూల్చాక, ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. గాలికి పడవు, నిజమే. కానీ చెడితే కంటికి కనిపించవు. రెండు కిలోమీటర్ల కేబుల్లో ఒక కోరు ఎక్కడో భూమికి తగిలిందనుకుందాం. 300 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కోరుకి కిలోమీటరుకి 0.1 ఓమ్. అవతలి కొసన దాన్ని మంచి కోరుతో కలిపి, ఇవతల నుంచి పది ఆంపియర్లు పంపితే, పోనూ రానూ 0.4 ఓమ్ మీద నాలుగు వోల్టులు పడతాయి. చెడ్డ కోరు ఇవతలి కొసకీ భూమికీ మధ్య మీటరు పెడితే 0.7 వోల్టు చూపించింది. 0.07 ఓమ్, అంటే ఏడు వందల మీటర్లు. గునపం అక్కడ దించొచ్చు. ఇప్పుడు పల్స్ పంపి ప్రతిధ్వనిని చూసే యంత్రాలు వచ్చాయి, పని తేలికైంది.

ఊరు దాటి కొండెక్కుదాం. బొర్రా గుహలు స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడండి. బైలడిల్లా గనుల నుంచి కిరండూల్, కొత్తవలస మీదుగా విశాఖ రేవుకి ఇనుప ఖనిజం దించడానికి 1960లలో వేసిన లైను ఇది. జపాన్ ఉక్కు మిల్లులకి పంపడమే ఆనాటి ఉద్దేశం. పైన సన్నని రాగి తీగ, అందులో 25 వేల వోల్టుల ఏసీ. ఆరు వేల హార్స్‌పవర్ ఇంజను, అంటే దాదాపు నాలుగున్నర మెగావాట్లు, ఆ సన్నని తీగ నుంచి ఎలా తాగుతోందని ఆశ్చర్యం వేస్తుంది. భాగించి చూస్తే 180 ఆంపియర్లు. నష్టాలు కలిపితే ఇంకాస్త. దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది, 1,500 వోల్టుల డీసీ మీద. అదే వోల్టేజీతో ఈ ఇంజన్ని నడపాలంటే మూడు వేల ఆంపియర్లు కావాలి. పదహారున్నర రెట్లకి పైగా ప్రవాహం, అదే తీగలో అయితే దాదాపు 278 రెట్లు వేడి. ఈ అడవిలో, ఈ సొరంగాల మధ్య అంత లావు తీగ వేలాడదీసి, కొన్ని కిలోమీటర్లకో సబ్‌స్టేషన్ కట్టడం ఊహించుకోండి.

ఖనిజం నింపిన రైలు ఘాటు దిగుతోంది. నేల కంపిస్తోంది. దిగేటప్పుడు ఇంజను లాగదు, పట్టి ఆపుతుంది, మోటార్లు జనరేటర్లవుతాయి. రియోస్టాటిక్ బ్రేకున్న పాత ఇంజన్లలో ఆ పవర్ అంతా రెసిస్టర్ల గ్రిడ్లలోకి పోయి, ఫ్యాన్లు ఊదిన వేడిగాలై కొండల్లో కలిసిపోయేది. ఇప్పటి త్రీ ఫేజ్ ఇంజన్లలో అది తిరిగి పై తీగలోకి వెళ్తుంది. వోల్టులు అవే ఇరవై ఐదు వేలు, ఆంపియర్ల దారి మాత్రం తిరగబడింది. ఎదురుగా ఖాళీ వ్యాగన్లతో కొండెక్కుతున్న బండికి అది అక్కరకొస్తుంది.

తిరిగి గాజువాక. స్టీలుప్లాంటు వైపు వెళ్లే దారుల్లో తలెత్తితే 400 కిలోవోల్టుల టవర్లు కనిపిస్తాయి. చాలామంది వాటిని ప్లాంటు కోసమే అనుకుంటారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ ప్లాంటుకి సొంత పవర్ ప్లాంటు ఉంది. ఈ టవర్లలో కొన్ని ఒడిశాలోని జయపూర్ నుంచి వస్తున్నాయి. అవి చేరేది పవర్‌గ్రిడ్ వారి హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషన్‌కి.

2013 డిసెంబరు 31 దాకా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో నడవలేదు. రెండూ యాభై హెర్ట్జే, కానీ ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. తూర్పున విద్యుత్తు మిగిలేది, ఇక్కడ చాలేది కాదు. నేరుగా తీగ కలిపే వీల్లేదు. అందుకే 1999లో గాజువాకలో మొదటి బ్లాకు కట్టారు: వచ్చిన ఏసీని డీసీ చేసి, ఒకే ఆవరణలో మళ్లీ దక్షిణాది లయకి ఏసీ చేయడం. ఐదు వందల మెగావాట్లు. రెండో బ్లాకు, మరో ఐదు వందలు, 2005లో వచ్చింది. మధ్యలో డీసీ లైనంటూ లేదు. ఒక పక్క థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు, ఇంకో పక్కా అవే.

లైను లేకపోవడం వల్లే ఇక్కడ వోల్టేజీని ఘాటు లైనులోలాగా పెంచాల్సిన పని లేదు. దూరం లేనప్పుడు తీగ నిరోధం పెద్ద బెడద కాదు. మొదటి బ్లాకులో 205 కిలోవోల్టులు, నిండు పవర్ దగ్గర 2,440 ఆంపియర్లు. రెండో దానిలో అటూ ఇటూ 88 చొప్పున సుమారు 176 కిలోవోల్టులు, ఆంపియర్లు 2,840 దాకా. గుణిస్తే రెండు చోట్లా ఐదు వందల మెగావాట్లే. కట్టే ఇంజనీరు వోల్టుల్ని ఎన్నుకున్నాడు, ఆంపియర్లు దానికి తగ్గట్టు వచ్చాయి.

నడిపే ఆపరేటర్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మామూలు ఏసీ లైనులో పవర్ ఎటు ఎంత పారాలో గ్రిడ్డే తేల్చుకుంటుంది. ఇక్కడ మాత్రం మనిషి చెప్పినంతే పారుతుంది. ఆపరేటర్ 300 మెగావాట్లు అని పెడతాడు. కంట్రోలు వ్యవస్థ దాన్ని 205 కిలోవోల్టులతో భాగించి, 1,463 ఆంపియర్లు అని తేల్చి, అంతే పారేలా థైరిస్టర్లు ఏ క్షణాన తెరుచుకోవాలో వాటికి చెబుతుంది.